చదువలేని గ్రంథమును గీసి చూచుట: వోయ్నిచ్ వ్రాతప్రతిపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

చదువ వచ్చిన లిపిలో ఉన్న పుటను మనము నిజముగా చూడము. కన్ను అక్షరముల మీదుగా జారిపోయి అర్థము దగ్గరకు పరుగెత్తుతుంది. అక్షరము ఏ గీతతో మొదలైనది, లేఖకుని కలము ఎక్కడ ఆగినది, సిరా ఎక్కడ పలుచబడినది అను విషయములు మన గమనమునకు రావు. లిపియే తెలియని గ్రంథము ముందు కూర్చున్నపుడు ఈ అలవాటు పని చేయదు. అప్పుడు పాఠకునికి రెండు దారులు మిగులుతాయి. ఒకటి, తనకు తోచిన అర్థమును గ్రంథము మీద మోపుట. రెండవది, అర్థము సంగతి ప్రక్కన పెట్టి, ఉన్నదానిని ఉన్నట్లు చూచుట నేర్చుకొనుట.

ఈ రెండవ దారికి అతి పాత సాధనము పెన్సిలు, కాగితము. పుటలోని గీతను చేతితో తిరిగి గీయుట. యూరపులో 15వ శతాబ్దమున తయారైన వోయ్నిచ్ వ్రాతప్రతిని ఇప్పటివరకు ఎవరును ఒప్పించదగిన రీతిలో చదువలేదు. ఆ గ్రంథమును ఆధారముగా తీసికొని, గీయుట అను పద్ధతి పరిశోధనకు ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వలేదు అని పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. చదువరులలో కొందరు, "సంఘ కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఈ వింత పుస్తకముతో ఏమి పని?" అని అడుగవచ్చును. ప్రతి వారము ఒక ప్రాచీన గ్రంథమును తెరచి, అది ఏమి చెప్పుచున్నదో ఇతరులకు వివరించు బాధ్యత గలవారికి, అర్థము తెలియని చోట ఏమి చేయాలి అను ప్రశ్న చిన్నది కాదు.

1. వ్రాతప్రతి, దాని ప్రయాణము

ఈ ప్రతి నేడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన బైనెకి గ్రంథాలయములో 408వ సంఖ్య గల వ్రాతప్రతిగా భద్రపరచబడి ఉన్నది. దూడ చర్మముతో చేసిన సుమారు 240 పుటలు, 23 సెంటీమీటర్లకు కొంచెము పైబడిన ఎత్తు, 16 సెంటీమీటర్ల వెడల్పు. చేతిలో పట్టుకొని చదువుకొనదగిన పుస్తకమే గాని పీఠము మీద ఉంచు పెద్ద గ్రంథము కాదు. కొన్ని ఆకులు మడతలు విప్పితే పెద్ద పటములుగా తెరచుకొంటాయి. మొదటి భాగములో గుర్తుపట్టలేని మొక్కల బొమ్మలు, తరువాత నక్షత్రములు, రాశి చక్రములు, నీటి తొట్లలో నిలిచిన చిన్న స్త్రీమూర్తులు, వేళ్లు, ఆకులు, మందు పాత్రలు, చివరకు అంచున నక్షత్ర గుర్తులు గల చిన్న పేరాలు ఉన్నాయి. వీటి చుట్టును ఎడమ నుండి కుడికి సాగు ఒక అందమైన లిపి. సుమారు 37,000 పదములు. కొట్టివేతలు దాదాపు లేవు.

విల్ఫ్రిడ్ వోయ్నిచ్ అను పాత పుస్తకముల వ్యాపారి దీనిని 1912లో రోము దగ్గర ఫ్రాస్కాటిలోని విల్లా మోండ్రగోనెలో యేసు సభవారి వద్ద కొన్నారు. 1930లో ఆయన మరణించిన తరువాత గ్రంథము ఆయన భార్య, నవలా రచయిత్రి ఎథెల్ వోయ్నిచ్‌కు చేరినది. 1961లో హెచ్. పి. క్రాస్ అను వ్యాపారి 24,500 డాలర్లకు కొని, తగిన కొనుగోలుదారు దొరకక 1969లో యేల్ విశ్వవిద్యాలయమునకు దానము చేశారు.

గ్రంథముతో పాటు ఒక ఉత్తరము దొరికినది. ప్రాగ్ నగరమునకు చెందిన యోహానెస్ మార్కుస్ మార్సి అను వైద్యుడు రోములో ఉన్న యేసు సభ పండితుడు అథనాసియస్ కిర్హర్‌కు వ్రాసిన ఉత్తరమది. రుడాల్ఫ్ చక్రవర్తి దీనిని 600 డకట్లకు కొన్నాడని, రోజర్ బేకన్ దీని రచయిత అని తాను విన్నట్లు మార్సి అందులో తెలిపారు. ఉత్తరము తేదీని సాధారణముగా 1665గా చదువుతారు. కొందరు చివరి అంకెను 6గా చదివి 1666 అంటారు. చదువ వచ్చిన లిపిలోనే ఒక్క అంకె గీత ఇంత చర్చకు దారితీసినది. రుడాల్ఫ్ కొనుగోలు గురించి మార్సి చెప్పినది స్వయముగా చూచినది కాదు, మరొకరు చెప్పగా విన్నది. సాక్ష్యమును తూచుట నేర్చుకొనుచున్న విద్యార్థులు ఈ తేడాను గమనించాలి.

కాలనిర్ణయము మాత్రము ప్రయోగశాల నుండి వచ్చినది. అరిజోనా విశ్వవిద్యాలయము నాలుగు ఆకుల నుండి తీసిన చిన్న చర్మపు ముక్కలను రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షించగా, చర్మము 1404 నుండి 1438 మధ్య కాలమునకు చెందినదని తేలినది. ఈ ఫలితము 2011లో ప్రకటించబడినది. 13వ శతాబ్దమునకు చెందిన రోజర్ బేకన్ దీనిని తన చేతితో వ్రాశాడను వాదము దీనితో ముగిసినది.

2. గీయుట ఒక పఠన పద్ధతి

ఈ గ్రంథమును తెలిసికొనుటకు చేతితో నకలు తీయుట మొదటినుండి ఉన్న పద్ధతియే. మార్సికి ముందు ఈ ప్రతి ప్రాగ్‌లోని గియోర్గ్ బారెష్ అను వ్యక్తి వద్ద ఉండెను. ఆయన మూల ప్రతిని ఇతరుల చేతికి ఇచ్చుటకు ఇష్టపడక, లిపి నమూనాలను నకలు తీయించి కిర్హర్‌కు పంపించారు. 1639లో వ్రాసిన ఉత్తరములో ఆ సంగతిని గుర్తుచేసి సహాయము కోరారు. అనగా రోములోని పండితుడు ఈ లిపిని మొదట చూచినది ఒక నకలు రూపములోనే.

20వ శతాబ్దములో అమెరికాలోని క్యాథలిక్ యూనివర్సిటీకి చెందిన ఫాదర్ థియోడోర్ పీటర్సన్ ఫోటో ప్రతుల నుండి మొత్తము గ్రంథ పాఠమును చేతితో నకలు తీశారు. ఆయన కోప్టిక్ గ్రంథముల పండితుడు, పాత పుస్తకముల కట్టుబడిలో నిపుణుడు. అర్థము తెలియని పదమును పదము తరువాత పదముగా, పుట తరువాత పుటగా వ్రాయుటకు ఎంత ఓర్పు కావాలో ఊహించవచ్చును. ఆయన గ్రంథమును చదివానని చెప్పుకొనలేదు. అయినను ఆయన నకలు తరువాతి పరిశోధకులకు ఉపయోగపడినది. రహస్యమును విప్పానని ప్రకటించిన అనేకుల పుస్తకముల కంటె ఇది మేలైన సేవ అని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

నకలు తీయు చేయి నిర్ణయములు తీసికొనక తప్పదు. దీనిని మన లిపితో పోల్చి చూద్దాము. తెలుగు బొత్తిగా తెలియని ఒకరు "మ", "వు" అను రెండింటిని నకలు తీయుచున్నారని అనుకొందాము. ఇవి రెండు వేరు అక్షరములా, ఒకటే అక్షరమును ఇద్దరు వ్రాసిన తీరులా? "ద" క్రింద ఒక చిన్న గీత చేరితే "ధ" అవుతుంది. ఆ గీత అక్షరములో భాగమా, లేఖకుని చేతి అలవాటా, సిరా మరకా? తలకట్టు ప్రత్యేకమైన గుర్తా? ఒత్తు పై అక్షరమునకు చెందినదా, క్రింది పంక్తికి చెందినదా? లిపి తెలిసిన మనకు ఈ ప్రశ్నలు నవ్వు తెప్పిస్తాయి. లిపి తెలియనివానికి ప్రతి గీత ఒక ప్రశ్నయే.

వోయ్నిచ్ లిపి విషయములో మనము అటువంటి తెలియనివారమే. అందులో బల్ల ఆకారములో ఒక గుర్తు ఉన్నది. దాని మీద చిన్న కొక్కెము చేరితే మరొక గుర్తు అవుతుంది. పరిశోధకులు ఉరికొయ్యలు అని పేరు పెట్టిన పొడవైన అక్షరములు కొన్నిచోట్ల ఒంటరిగా, కొన్నిచోట్ల ఆ బల్ల మీద ఎక్కి నిలుస్తాయి. ఇది ఒక అక్షరమా, రెండా, మూడా? చిన్న నిలువు గీతలు వరుసగా వచ్చినపుడు వాటిని ఎన్ని అక్షరములుగా లెక్కించాలి? లిపిలో మొత్తము ఎన్ని అక్షరములున్నవని అడిగితే పండితులు వేరు వేరు సంఖ్యలు చెప్పుటకు కారణమిదే. 1990ల చివరలో గాబ్రియేల్ లాండిని, రెనె జాండ్‌బెర్గెన్ రూపొందించిన ఈ.వి.ఏ. అను లిప్యంతరీకరణ పద్ధతి కంప్యూటరు లెక్కలకు ఆధారమైనది. అయితే గణాంక ఫలితములు అక్షరములను ఎట్లు విడగొట్టామను దానిపై ఆధారపడతాయి. గీత దగ్గర తీసికొన్న నిర్ణయము లెక్క దాకా వెంట వస్తుంది. కావున గీయుట పరిశోధనకు ముందు జరుగు చిన్న పని కాదు, పరిశోధనలో మొదటి మెట్టు.

3. గీత చూపునది ఏమి

గ్రంథమును ఓర్పుతో గీసి చూచినవారికి తెలియు సంగతులు ఏమిటి? మొదటిది, పని జరిగిన క్రమము. మొక్కల పుటలలో అక్షరములు ఆకుల చుట్టును, కాడల ప్రక్కగాను సర్దుకొని నడుస్తాయి. కాడ అడ్డు వచ్చినచోట పంక్తి ఆగి అవతల ప్రక్క కొనసాగుతుంది. దీనినిబట్టి బొమ్మ గీత మొదట వేయబడినదని, వ్రాత తరువాత వచ్చినదని స్పష్టమగుచున్నది. రంగు మాత్రము చాలాచోట్ల గీత దాటి మోటుగా పూయబడినది. గీసినవాని చేయి, రంగు వేసినవాని చేయి ఒకటేనా అను సందేహము ఇందువలననే కలిగినది.

రెండవది, చర్మము యొక్క స్వభావము. కొన్ని ఆకులలో రంధ్రములున్నాయి. వ్రాత వాటి ప్రక్కగా తప్పుకొని నడుస్తుంది. అనగా ఆ రంధ్రములు వ్రాతకు ముందే ఉన్నాయి. లేఖకుడు లోపము లేని ఖరీదైన చర్మమును ఏరుకొనలేదు, దొరికినదానితో సర్దుకొన్నాడు. ఇది రాజుల కొరకు తయారుచేసిన అలంకార గ్రంథము కాదు, వాడుక కొరకు చేసిన పుస్తకము కావచ్చును అని తలంచుటకు ఇదొక ఆధారము.

మూడవది, ఆకుల వరుస. నీటి తొట్ల భాగములో ఒక పుట మీది నీరు, ఇప్పటి కట్టుబడిలో దూరముగా ఉన్న మరొక పుట మీది నీటితో అతికినట్లు సరిపోవునని పరిశీలకులు చూపారు. అనగా పుస్తకమును తిరిగి కట్టినపుడు ఆకులు స్థానము మారాయి. ఆకుల వరుసయే మారినపుడు, ఉన్న వరుసలో వాక్యము తరువాత వాక్యముగా అర్థము చెప్పబోవువారు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరుగా చెప్పనవసరము లేదు.

నాలుగవది, చేతుల సంఖ్య. 1976లో ప్రెస్కాట్ క్యూరియర్ అను సంకేత లిపి నిపుణుడు ఈ గ్రంథములో ఒకటి కంటె ఎక్కువ చేతివ్రాతలున్నాయని, వాటితో పాటు పదముల తీరు కూడ మారుచున్నదని చూపారు. ఆ రెండు తీరులకు "ఏ", "బి" అని పేర్లు పెట్టారు. 2020లో ప్రాచీన లిపి శాస్త్రవేత్త లీసా ఫేగిన్ డేవిస్ అక్షరముల గీతల తీరును పరిశీలించి, ఐదుగురు లేఖకులు పని చేశారను నిర్ణయమునకు వచ్చారు. ఇది చాలా ముఖ్యమైన విషయము. ఒంటరిగా కూర్చున్న ఒక పిచ్చివాడు లేక ఒక మోసగాడు వ్రాశాడను ఊహ దీనితో బలహీనమవుతుంది. ఐదుగురు ఒకే లిపిని నేర్చుకొని, ఒకే విధముగా వ్రాశారంటే అది ఒక గుంపు పని. నేర్పినవారు, నేర్చుకొన్నవారు ఉండి ఉంటారు. ఇంత సంగతి ఒక్క పదము కూడ చదువకుండ, గీతను చూచుట వలననే తెలిసినదని గమనించాలి.

4. కోరుకొన్నదే కనబడుట: న్యూబోల్డ్ పాఠము

చూచుటలో ఉన్న ప్రమాదమునకు విలియం రొమేన్ న్యూబోల్డ్ కథ గొప్ప ఉదాహరణ. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో తత్వశాస్త్ర ఆచార్యులు, గౌరవనీయులైన పండితులు. 1921లో ఆయన ఈ గ్రంథము రోజర్ బేకన్ రచన అని, ప్రతి అక్షరములోను భూతద్దముతో మాత్రమే కనబడు సూక్ష్మమైన సంక్షిప్త లిపి గుర్తులున్నాయని ప్రకటించారు. ఆ గుర్తులను వరుసగా వ్రాసికొని, వాటిని అటు ఇటు మార్చి లాటిన్ వాక్యములను రాబట్టారు. ఒక వలయాకార చిత్రములో ఆండ్రోమెడా నీహారికను చూచారు. బేకన్‌కు దూరదర్శిని, సూక్ష్మదర్శిని తెలియునని చెప్పారు. 1926లో ఆయన మరణించగా, 1928లో ఆయన పరిశోధన పుస్తకముగా వెలువడినది.

1931లో జాన్ మ్యాన్లీ అను పండితుడు దీనిని ఖండించారు. న్యూబోల్డ్ చూచిన సూక్ష్మ గుర్తులు గరుకైన చర్మము మీద సిరా ఎండి పగిలినందువలన ఏర్పడిన బీటలని చూపారు. ఇక అక్షరములను అటు ఇటు మార్చు పద్ధతిలో అంత స్వేచ్ఛ ఉన్నది గనుక, అదే పాఠము నుండి ఎవరు ఏ వాక్యమునైనను రాబట్టవచ్చునని చెప్పారు. న్యూబోల్డ్ మోసగాడు కాడు. ఆయన నిజాయితీని మ్యాన్లీ శంకించలేదు. ఇదియే భయపడవలసిన సంగతి. నిజాయితీపరుడు, విద్యావంతుడు, కష్టజీవియైన మనుష్యుడు సంవత్సరముల తరబడి సిరా పగుళ్లను చదివారు.

న్యూబోల్డ్ చూడలేదని అనుటకు వీలు లేదు, ఆయన చాలా దగ్గరగా చూచారు. లోపము ఎక్కడున్నది? ఆయన గుర్తును చూచారు గాని, గుర్తు ఏర్పడిన విధమును అడుగలేదు. గీసి చూచు పద్ధతి అడుగు మొదటి ప్రశ్న ఇదియే: ఈ గీతను ఏ చేయి, ఏ కలముతో, ఏ కదలికతో వేయగలిగినది? ఈకకలముతో అంత సూక్ష్మమైన గుర్తులను వేల సంఖ్యలో వేయుటకు ప్రయత్నించినవాడు, ఇది మనుష్యుని చేతి పని కాదని త్వరలోనే గ్రహించి ఉండును. చేయి ఒప్పుకొనని దానిని కన్ను ఒప్పుకొన్నది.

మన చదువరులకు దీనికి సమీపమైన ఉదాహరణ తెలిసినదే. 1997లో మైకేల్ డ్రోస్నిన్ వ్రాసిన బైబిల్ కోడ్ అను పుస్తకము, హీబ్రూ అక్షరములను సమాన దూరములో ఏరితే దాగియున్న సందేశములు బయటపడునని ప్రచారము చేసినది. బ్రెండన్ మెకే అను గణిత శాస్త్రవేత్త అదే పద్ధతిలో మోబీ డిక్ అను ఆంగ్ల నవలలోను అటువంటి "సందేశములు" ఏరి చూపారు. 1999లో ఆయన, మరి ముగ్గురు కలిసి ఈ వాదమునకు ఆధారమైన లెక్కలను ఒక గణాంక శాస్త్ర పత్రికలో ఖండించారు. మ్యాన్లీ న్యూబోల్డ్‌ను ఖండించిన వాదమును, మెకే వాదమును ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే రెంటి సారము ఒకటే. ఏ పాఠము నుండియైనను ఏ అర్థమునైనను ఇవ్వగల పద్ధతి, ఏ పాఠమును గురించియు ఏమియు చెప్పదు.

5. పోలికలతో వచ్చు చిక్కు: మొక్కల బొమ్మలు

1944లో హ్యూ ఓనీల్ అను వృక్షశాస్త్రవేత్త, ఇందులోని ఒక బొమ్మ పొద్దుతిరుగుడు పువ్వు అని, మరొకటి మిరప జాతి కాయ అని గుర్తించారు. ఇవి రెండును అమెరికా ఖండమునకు చెందిన మొక్కలు. కావున గ్రంథము కొలంబస్ ప్రయాణమునకు తరువాతిదై ఉండాలని తేల్చారు. పొద్దుతిరుగుడు పువ్వు అను ఒక్క మాట మీద గ్రంథము కాలము దాదాపు వంద సంవత్సరములు ముందుకు జరిగినది. చర్మము కాలము తేలిన తరువాత ఈ వాదము నిలువలేదు. అయినను పోలికల మీద ఆధారపడు పద్ధతి ఆగలేదు. 2014లో స్టీఫెన్ బాక్స్ అను భాషా శాస్త్రవేత్త మొక్కల, నక్షత్ర సమూహముల బొమ్మలను గుర్తించి, వాటి ప్రక్కన ఉన్న పదములు వాటి పేర్లేనని తలంచి, కొన్ని అక్షరములకు ధ్వనులను నిర్ణయించ ప్రయత్నించారు. ఆయన తన ప్రతిపాదనను తాత్కాలికమని చెప్పుట ప్రశంసనీయము. కాని పునాది మాత్రము బలహీనము. బొమ్మ గుర్తింపు తప్పితే ధ్వని తప్పుతుంది, ధ్వని తప్పితే తరువాతి ప్రతి పదము తప్పుతుంది.

మధ్యయుగపు ఔషధ గ్రంథములలోని మొక్కల బొమ్మలు చాలావరకు తోటలో మొక్కను చూచి గీసినవి కావు. ఒక పుస్తకములోని బొమ్మను చూచి మరొక పుస్తకములో గీసినవి. నకలుకు నకలు తీసినపుడు ఆకు అంచులు సమానమయిపోతాయి, వేరు ఆకారము పెరుగుతుంది, పువ్వు అలంకారముగా మారుతుంది. ఉత్తర ఇటలీలో 14, 15 శతాబ్దములలో వెలువడిన "రసవాద ఔషధ గ్రంథములు" అనబడు వ్రాతప్రతులలో వేళ్లకు మనుష్య ముఖములు, జంతు రూపములు కనబడతాయి. వోయ్నిచ్ మొక్కలు ఈ సంప్రదాయమునకు కొంత దగ్గరగా ఉన్నాయి. కావున ఆ బొమ్మను నేటి వృక్షశాస్త్ర పుస్తకములోని చిత్రముతో నేరుగా పోల్చుట పద్ధతి కాదు.

ఇక్కడ గీయుట ఒక దిద్దుబాటుగా పనిచేస్తుంది. మాటలతో పోల్చినపుడు మనము పోలికలను మాత్రమే లెక్కపెడతాము: "పెద్ద గుండ్రని పువ్వు ఉన్నది, చుట్టును రేకులున్నాయి, కావున పొద్దుతిరుగుడు." అదే బొమ్మను, అసలు మొక్కను ప్రక్కప్రక్కన గీయవలసి వచ్చినపుడు తేడాలను తప్పించుకొనలేము. ఆకు కాడకు ఎట్లు అతికినది, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా మార్చి మార్చి ఉన్నాయా, వేరు ఎట్లు చీలినది అను ప్రతి ప్రశ్నకును చేయి జవాబు చెప్పవలసి ఉంటుంది. గీయుచున్నపుడు తేడా ఒక గీతగా ఎదురవుతుంది. పోలికను కోరు మనస్సు దానిని దాచలేదు.

6. నకలు కాపాడినవి

చేతి నకలు విలువను చూపుటకు మధ్యయుగపు క్రైస్తవ చరిత్ర నుండియే రెండు ఉదాహరణలు చెప్పవచ్చును. 12వ శతాబ్దములో హెర్రాడ్ అను సన్యాసిని తన మఠము కొరకు తయారుచేయించిన హోర్టస్ డెలిషియారుమ్ అను సచిత్ర గ్రంథము 1870లో స్ట్రాస్‌బర్గ్ ముట్టడిలో కాలిపోయినది. 1818లో క్రిస్టియన్ మోరిట్జ్ ఎంగెల్‌హార్ట్ ప్రచురించిన నకళ్లు, ఆ శతాబ్దములోనే మరికొందరు తీసిన నకళ్లు లేనియెడల ఆ చిత్రములు ఎట్లుండెనో నేడు మనకు తెలిసేది కాదు.

రెండవది హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్ దర్శనముల గ్రంథమైన స్కివియాస్. ఆమె మఠములో తయారైన 35 చిత్రములు గల ప్రతి రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1945లో, కనబడకుండా పోయినది. అయితే ఐబింగెన్ మఠములోని సన్యాసినులు 1927 నుండి 1933 వరకు ఆ ప్రతిని చేతితో, రంగులతో నకలు తీసి ఉంచారు. మూలమునకు నలుపు తెలుపు ఫోటోలు మాత్రమే మిగిలినందున, నేడు పండితులు రంగుల సంగతి తెలిసికొనుటకు ఈ నకలు మీదనే ఆధారపడుచున్నారు. ఆ సన్యాసినులు గ్రంథము పోవునని ఎరిగి చేసినది కాదు. చూచుట కొరకు, ధ్యానించుట కొరకు చేసినది చివరకు సాక్ష్యముగా మిగిలినది. ఈ హిల్డెగార్డే తనకంటూ ఒక అజ్ఞాత భాషను, దానికి లిపిని కూర్చినదను విషయము కూడ ఇక్కడ గుర్తుంచుకొనదగినది. మధ్యయుగములో ఎవరికిని తెలియని లిపిని కల్పించుట వెర్రితనముగా మాత్రమే చూడనవసరము లేదు.

7. గీత యొక్క పరిమితులు

ఇంతవరకు గీయుట యొక్క మేలును చెప్పాము. విమర్శ పూర్తి కావాలంటే దాని లోపములను కూడ చెప్పాలి.

మొదటి లోపము, నకలు తీయు చేయి తన అలవాటును వెంట తెస్తుంది. గుండ్రని అక్షరములకు అలవాటు పడిన తెలుగు చేయి వోయ్నిచ్ అక్షరములను మరికొంచెము గుండ్రముగా చేస్తుంది. తడబడిన గీతను సరిచేయుట, అసంపూర్తి బొమ్మను పూర్తిచేయుట, వంకర ముఖమును అందముగా దిద్దుట చేతికి సహజము. పాఠ విమర్శ చదివిన విద్యార్థులకు ఇది తెలిసిన సమస్యయే. కఠినమైన పాఠమును సులభముగా మార్చు లేఖకుడు గ్రంథమునకు మేలు చేయుచున్నానని అనుకొంటాడు. చిత్రకారుడు కూడ అట్లే చేస్తాడు.

రెండవ లోపము, గీయుట వలన కలుగు సన్నిహిత భావము జ్ఞానమని పొరబడుట. ఒక పుటను పది సార్లు గీసినవానికి ఆ లిపి తనకు పరిచయమైనట్లు తోస్తుంది. చేతికి పరిచయమైనంత మాత్రమున అర్థము తెలిసినట్లు కాదు. కిర్హర్ ఈజిప్టు చిత్రలిపి విషయములో ఎంతో కృషి చేసినను, కొన్ని గుర్తులలో ఉన్న ఒక రాజు పేరు చోట పెద్ద ఆధ్యాత్మిక వాక్యమును చదివారు. 1822లో షాంపోలియన్ మార్గము చూపు వరకు ఆ లిపి నిజముగా తెరువబడలేదు. షాంపోలియన్‌కు రెండు భాషలలో ఉన్న రొసెట్టా శిల తోడుగా ఉండెను. వోయ్నిచ్ గ్రంథమునకు అటువంటి తోడు ఇంకను దొరకలేదు.

మూడవ లోపము, కల్పన వైపు జారుట. ఇటలీ చిత్రకారుడు లుయిజీ సెరఫీని 1981లో కోడెక్స్ సెరఫినియానుస్ అను పుస్తకమును ప్రచురించారు. లేని లోకమునకు చెందిన మొక్కలు, యంత్రములు, చదువలేని లిపి. చూచినవెంటనే వోయ్నిచ్ గుర్తుకు వస్తుంది. ఆ లిపిలో అర్థమేమియు లేదని 2009లో ఆయనే ఆక్స్‌ఫర్డ్‌లో చెప్పారు. ఇది కళగా మెచ్చదగినది. చదువ రాని పిల్లవాడు పుస్తకము చూచునపుడు కలుగు ఆశ్చర్యమును పెద్దలకు తిరిగి ఇస్తుంది. అయితే వోయ్నిచ్ మీద గీయుట వేరు, వోయ్నిచ్ వలె గీయుట వేరు. మొదటిది ఎదుటి గ్రంథమునకు లోబడుతుంది. రెండవది దానినుండి విడుదల పొందుతుంది. ఈ రెంటిని ఒకటిగా తీసికొనుట వలన చాలామంది తమ ఊహను గ్రంథము యొక్క సాక్ష్యముగా చూపుచున్నారు.

8. అర్థమే లేకపోతే?

2004లో గోర్డన్ రగ్ అను ఆంగ్ల పరిశోధకుడు, అక్షరముల ముక్కలు గల పట్టిక మీద రంధ్రములు గల ఒక కార్డును జరుపుచు ఈ గ్రంథమును పోలిన అర్థరహిత పాఠమును తయారుచేయవచ్చునని చూపారు. 2013లో మొంటెముర్రో, జానెట్టె అను ఇద్దరు శాస్త్రవేత్తలు, పదములు గ్రంథములో పంచబడిన తీరు నిజమైన భాషలో వలె విషయమునుబట్టి మారుచున్నదని వాదించారు. ఈ చర్చ ఇంకను ముగియలేదు. ఇది మోసపు గ్రంథమే అయిన పక్షమున, ఇంత ఓర్పుతో గీసి చూచిన శ్రమ వ్యర్థమా?

కాదని చెప్పాలి. అర్థము లేని పాఠమునకు కూడ చరిత్ర ఉన్నది. ఐదుగురు లేఖకులు ఏ గదిలో కూర్చున్నారో తెలియదు గాని కూర్చున్నది నిజము. రాశి చక్రములలో చాలావాటిలో 30 మంది మూర్తులు, మేష వృషభములను రెండేసి చక్రములుగా విడదీసి ఒక్కొక్కదానిలో 15 మందిని ఎవరో లెక్కపెట్టి గీశారు. ధనూరాశిలోని మనుష్యుని చేతికి ఆ కాలపు యంత్రవిల్లును ఇచ్చారు. ఇవి వారి కాలమునకు, వారి చేతులకు సాక్ష్యములు. మనకు సందేశము అందకపోయినను, మనుష్యులు అక్కడ పని చేశారను వాస్తవము అందుతుంది. వారిని మన సిద్ధాంతమునకు సాధనములుగా వాడుకొనుట కంటె, వారి పనిని ఉన్నది ఉన్నట్లు గౌరవించుట న్యాయము.

9. తరగతి గదికి ఒక సూచన

యేల్ గ్రంథాలయము మొత్తము పుటల స్పష్టమైన వర్ణ చిత్రములను అంతర్జాలములో ఉచితముగా ఉంచినది. 2016లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము వాటిని వ్యాసములతో కూడిన పుస్తకముగా కూడ ప్రచురించినది. వ్యాఖ్యాన శాస్త్రము బోధించువారు మొదటి వారములో విద్యార్థులకు దీనిలోని ఒక పుటను ఇచ్చి, ఒక గంట సేపు నకలు తీయించవచ్చును. తరువాత మూడు జాబితాలు వ్రాయించాలి. మొదటిది: నేను చూచినవి. రెండవది: నేను ఊహించినవి. మూడవది: నకలు తీయుచు నేను మార్చినవి. ఎదుటివాని నకలుతో పోల్చుకొన్నపుడు మూడవ జాబితా తాము అనుకొన్నదానికంటె పెద్దదని విద్యార్థులు తెలిసికొంటారు. హీబ్రూ, గ్రీకు అక్షరములను నేర్చుకొను తరగతికి ముందు ఈ అభ్యాసము చేస్తే, అక్షరమును తొందరపడి గుర్తించు అలవాటు కొంతవరకైనను తగ్గుతుంది.

ముగింపు

వోయ్నిచ్ వ్రాతప్రతిని చదివామని ప్రకటించినవారు వంద సంవత్సరములకు పైగా వస్తూనే ఉన్నారు. వారిలో ఎక్కువమంది తాము వెదకినదే కనుగొన్నారు. రేపు ఎవరైనను నిజముగా చదువవచ్చును. ఆ దినము వచ్చినను, గీతలను ఓర్పుతో చూచి, అక్షరములను విడగొట్టి, చేతులను లెక్కించి, ఆకుల వరుసను సరిచూచినవారి పని మీదనే ఆ చదువు నిలుస్తుంది.

గీయుట అర్థమును ఇవ్వదు. అర్థమును కల్పించు తొందరను అడ్డగిస్తుంది. తెలియనిదానిని తెలియదని చెప్పుచు, తెలిసినంతమట్టుకు స్పష్టముగా చెప్పుట ఆ పద్ధతి నేర్పు పాఠము. వేదిక మీద నిలిచినవాడు "ఈ భాగము యొక్క అర్థము నాకు స్పష్టము కాలేదు, అయితే ఇందులో ఇది ఉన్నది, ఇది లేదు" అని చెప్పుటకు ధైర్యము కావాలి. వినువారు జవాబు కోరి వచ్చినపుడు ఆ ధైర్యము మరింత కష్టమవుతుంది. కావున వ్యాఖ్యానము చేయు పని చేపట్టినవారు, అర్థము చెప్పుటకు ముందు ఉన్నదానిని చూచు శిక్షణను తమకు తాము ఇచ్చుకొనుట అవసరమని ఈ పరిశీలన వలన తేలుచున్నది.